ఇద్దరి హాజరు

పట్టాలిచ్చేటప్పుడు పేర్లు అక్షర క్రమంలో పిలుస్తారని తెలిసిన రోజే ముహన్నద్ లెక్క వేసుకున్నాడు. నూట నలభై ఆరు మంది. మనిషికి అర నిమిషం. మధ్యలో తల్లుల కేకలకీ, ఫొటోలకీ, మైకు మొరాయించడానికీ ఇంకాస్త. అరబ్బీ అక్షరాల వరసలో ‘మ’ దాదాపు చివరికి వస్తుంది కాబట్టి తన వంతు రావడానికి గంటపైనే పడుతుంది. గంటంటే తక్కువేమీ కాదు. గంటలో ఒక యాలకుల బస్తా కుట్టు విప్పి, గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, నిరుటి సరుకుని ఈ ఏటి సరుకులో కలిపారో లేదో తేల్చి, బేరం తెంచి, బస్తా మళ్లీ కుట్టించి పంపేయవచ్చు. అలాంటి గంటలో ఒక్క మాట చెప్పలేనా అనుకున్నాడు. ఇప్పుడు వేదిక మీద ‘జ’ పేర్లు నడుస్తున్నాయి, ఆ మాట ఇంకా గొంతు దాటలేదు. వినవలసిన మనిషి పక్క కుర్చీలోనే ఉంది. ఉమ్ సర్మద్, సర్మద్ తల్లి. డెబ్బై దాటిన ఆవిడ నల్ల అబాయాలో నిటారుగా కూర్చుని, ఒళ్లో ఖర్జూరం కూరిన క్లేచా బిస్కెట్ల డబ్బా పెట్టుకుని, పిలిచిన ప్రతి పేరుకీ ఆ బిడ్డెవరో తన చుట్టమే అన్నట్టు తలాడిస్తోంది. ఆవిడ కొడుకు చనిపోయి పదిహేడేళ్లు. ఆ రోజు వాడు కాలేజీకి ఎందుకు బయల్దేరాడో బతికున్నవాళ్లలో తనొక్కడికే తెలుసని ముహన్నద్ పదిహేడేళ్లుగా అనుకుంటున్నాడు. తన పేరు పిలిచేలోగా అది ఆవిడకి చెప్పాలి. చెప్పకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కితే, కల్తీ సరుకు మీద మంచి సరుకు ముద్ర కొట్టి అమ్మినట్టే.

బాగ్దాద్‌లో జూన్ నెల సాయంత్రం ఆరింటికి కూడా గాలి తందూరు నోటి దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది. కాలేజీ వెనక పచ్చిక మీద కుర్చీలు వేసి, నాలుగు మూలలా నీటి కూలర్లు పెట్టారు. అవి చల్లదనం కంటే చప్పుడే ఎక్కువ ఇస్తున్నాయి. నల్ల గౌను లోపల చొక్కా వీపుకి అంటుకుపోయింది. గౌన్లకీ పట్టీలకీ బేరమాడింది తనే. పిల్లలు ముందు వెళ్లి దర్జీ చెప్పిన ధరకి ఒప్పేసుకుని వచ్చారు. తను మర్నాడు వెళ్లి, సాటిన్ వేళ్ల మధ్య రుద్ది, ఇది కర్టెన్ల గుడ్డ కదా అని మాత్రమే అని, టీ తాగి వచ్చేశాడు. దర్జీ తనే ఫోన్ చేశాడు. అప్పట్నుంచి క్లాసులో అందరికీ తను బాబాయ్. హాలుకి బాబాయ్, కేకుకి బాబాయ్, మాట్లాడుకోని ఇద్దరు అమ్మాయిల మధ్య రాజీకి కూడా బాబాయే. ముందు వరసలోంచి కర్రార్ వెనక్కి తిరిగి చూశాడు. వాడికి ఇరవై రెండేళ్లు, నోరు మాత్రం నలభై ఏళ్లది.

"బాబాయ్, మీ గౌను బొత్తాలు పట్టడం లేదు. దర్జీతో బేరం గుడ్డ తగ్గించమని ఆడారా, డబ్బు తగ్గించమనా?"

"నీ నోటికి కుట్టు వెయ్యమని ఆడాను. అది తన పని కాదన్నాడు."

ఉమ్ సర్మద్ నవ్వింది. "వీడెవరబ్బాయి? మాటకారి," అంది. ముహన్నద్ జవాబివ్వబోయి మానేశాడు. వీడి వల్లే మిమ్మల్ని ఇక్కడికి పిలిచాను పిన్నీ అనాలి అసలు. అది మొదలుపెడితే మిగతాది చెప్పాలి. కుట్టులో ఒక దారం లాగితే బస్తా అంతా ఊడుతుంది.

పోయిన వారం వేషాల రోజు. చివరి ఏడాది పిల్లలు పట్టాలకి ముందు ఒక రోజు వేషాలు కట్టి కాలేజీ అంతా తిరుగుతారు. ముహన్నద్ మొదటిసారి చదివిన రోజుల్లో ఇంత హంగు లేదు. తను చివరి ఏడాదికి వచ్చేసరికి వేషం మాట అటుంచి, ఉన్న మొహంతో ఇల్లు చేరడమే గొప్ప. ఇప్పటి పిల్లలు అలా కాదు. తబారక్ అనే అమ్మాయి పల్లెటూరి ముసలమ్మలా వచ్చి, చంకలో నిజం కోడినే పెట్టుకుంది. అది లైబ్రరీ దాకా వెళ్లి, దొరక్కుండా గంట తిప్పించింది. ఇంకొకడు సర్వరోగ నివారిణి అమ్మే ఆసామి. కర్రార్ ఏ వేషమూ చెప్పకుండా దాచాడు. పదకొండింటికి క్లాసులోకి వచ్చాడు. చొక్కా లోపల దిండు, చేతిలో జపమాల, చెవి మీద పెన్ను, జేబులోంచి యాలకులు రాలుతున్నాయి. అది తనే. షోర్జా బజారులో టీ, యాలకుల టోకు వ్యాపారి ముహన్నద్. పాఠం చెప్పే ఉస్తాద్ కుర్చీలో ఒక కుర్రాడు కూర్చుని పేర్లు పిలిచాడు. ముహన్నద్ ఫాజిల్ అబ్బాస్ అని పిలవగానే కర్రార్ గొంతు లావు చేసి, ముక్కులోంచి కొంచెం, పొట్టలోంచి కొంచెం తీసి, "ఉన్నా ఉస్తాద్, తక్కెడ దించి వస్తున్నా" అన్నాడు. క్లాసు పడీ పడీ నవ్వింది. తనూ నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా అది నవ్వు కాకుండా పోయింది. ఎందుకంటే ఆ గొంతు, అదే గొంతు, అదే ముక్కు, అదే పొట్ట, పదిహేడేళ్ల క్రితం ఇదే మేడ మీద రెండో అంతస్తులో ఇంకొకడు తీసేవాడు. అప్పటికి కర్రార్‌కి ఐదేళ్లు. వాడికెవరూ నేర్పలేదు. తన గొంతే అంత, ఎవరు ఎత్తుకున్నా అలాగే వస్తుంది. ముహన్నద్ క్యాంటీను వెనక కొళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు, అట్నుంచి అటే టాక్సీ ఎక్కి ఉమ్ సర్మద్ ఇంటికి వెళ్లాడు. చెప్పేద్దామనే వెళ్లాడు. ఆవిడ తలుపు తీసి, పండగ కాదు పబ్బం కాదు, ఏంటిలా వచ్చావు అంది. ఈ బ్యాచి పిల్లలు ఒక పద్ధతి పెట్టుకున్నారు పిన్నీ, పట్టా తీసుకునే ప్రతి ఒక్కరి పక్కనా ఇంటి పెద్ద ఒకరు కూర్చుని, పేరు పిలిచినప్పుడు కూడా నడవాలి, మా అమ్మ లేదు కదా, మీరొస్తారా అన్నాడు. అంటే నోరు ఒకటి చెప్పడానికి వెళ్లి ఇంకొకటి అమ్ముకుని వచ్చింది. ఆవిడ తలుపు పూర్తిగా తీసి, మంచి అబాయా ఒకటుందిలే, వస్తాను అంది.

హుసేన్‌లు ఏడుగురు, హైదర్‌లు నలుగురు. ఒక హైదర్ తండ్రి కొడుకుని భుజాల మీద ఎత్తుకోబోయి కూలబడ్డాడు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కేకలు పెట్టారు, చాక్లెట్లు గాల్లోకి విసిరారు. ఒకటి వచ్చి ఉమ్ సర్మద్ ఒళ్లో పడితే ఆవిడ తీసి ముహన్నద్ చేతిలో పెట్టింది, చిన్నపిల్లాడికి పెట్టినట్టు.

సర్మద్‌కి పాటలు రావు, కవితలు రావు, అమ్మాయిలతో మాట్లాడడం అసలే రాదు. వాడికొచ్చిన ఏకైక కళ గొంతులు. హాజరు పిలిచేటప్పుడు తన పేరుకి సొంత గొంతుతో పలికేవాడు, చివరికి ‘మ’ దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీ కిందికి వంగి ముహన్నద్ గొంతుతో పలికేవాడు. మధ్యలో ఉన్న ఆ కొన్ని నిమిషాల్లో క్లాసంతా పెదాలు బిగించి కూర్చునేదట. ఉస్తాద్ నాజిమ్ కళ్లజోడు మీదుగా చూసేవాడట. ఆయనకి తెలియదా? ముప్పై ఏళ్లు చదువు చెప్పినవాడికి బెంచీ కింద నుంచి వచ్చే గొంతేదో తెలియదా? ఊరంతా బాంబులూ కాల్పులూ నడిచిన ఆ ఏడాది క్లాసులో అరవై పేర్లుంటే పాతిక తలలుండేవి. కొందరు డమాస్కస్ వెళ్లిపోయారు, కొందరు అమ్మాన్, కొందరు పేట మారారు, కొందరెక్కడికి వెళ్లారో అడగకూడదు. ఆయన పేరు పిలిచి తల ఎత్తి ఒక క్షణం ఆగేవాడు. జవాబు రాకపోతే కలం వెంటనే కదిలేది కాదు. తలల కంటే గొంతులు కొంచెం ఎక్కువ వినపడితే ఆయనకీ బాగుండేదేమో. ఇదంతా ముహన్నద్ చూడలేదు. సర్మద్ సాయంత్రం కొట్టుకి వచ్చి, యాలకుల బస్తా మీద కూర్చుని, టీ గ్లాసులో మూడు చెంచాల పంచదార కలుపుకుంటూ చెప్పేవాడు. ఈ రోజు నువ్వు బాగా చదివావురా, ఉస్తాద్ నిన్ను ప్రశ్న కూడా అడిగాడు, నేను దగ్గాను, సరే కూర్చో అన్నాడు. కాలేజీ చదువంటే ముహన్నద్‌కి ఆ ఏడాది మిగిలింది అదే. తన పేరున ఇంకొకడు కూర్చున్న క్లాసుల కబుర్లు. అయినా ఆ గంటసేపు తనూ అక్కడే ఉన్నట్టుండేది. నిజానికి ఇప్పుడు ఏడాదంతా సొంత ఒంటితో కూర్చున్న ఏ క్లాసూ అంత గుర్తులేదు.

రుసుల్ అనే రెండు పేర్లు. జైనబ్‌లు తొమ్మండుగురు. జైనబ్‌లు ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండును.

ఆ ఏడాది కాలేజీకి ఎందుకు వెళ్లలేదంటే ఎవరికైనా ఒకే జవాబు చెప్పేవాడు. నాన్నకి పక్షవాతం, కొట్టు చూసేవాళ్లు లేరు, దారి మంచిది కాదు. మూడూ నిజాలే. మూడు నిజాలు కట్ట కట్టి ముందు పెడితే వెనక ఉన్న నాలుగోది కనపడదు. ఆ చలికాలం షోర్జాలో సగం షట్టర్లు తెరుచుకోలేదు. తెరిచినవాడు చెప్పిందే ధర. జనం భయపడ్డప్పుడు పిండీ, పంచదారా, టీ పొడీ ఇంట్లో నింపుకుంటారు. యాలకులు కూడా నింపుకుంటారని అప్పటిదాకా తెలియదు, రేపు ఉంటామో లేమో గాని టీలో యాలక్కాయ ఉండాలి. ధర మూడింతలైంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి తండ్రి గల్లా చేతికొచ్చింది, అది రోజూ నిండుతోంది. కాలేజీకి వెళ్లే పూట అంటే అమ్మకం పోయే పూట. సర్మద్ తనంతట తనే అన్నాడు, నీ హాజరు నేను చెప్తాలే, నోరేమైనా అరిగిపోతుందా అని. అలా అన్నందుకు వాడికేమిచ్చావురా ముహన్నద్ అని ఇప్పుడు ఎవరైనా అడిగితే? టీ ఇచ్చాను. మూడు చెంచాల పంచదారతో.

అయినా వాడికీ ఒంట్లో బాగాలేని రోజులుండేవి, దారి మూసిన రోజులుండేవి. అలాంటి రోజుల్లో ఇద్దరికీ గైర్హాజరే. సర్మద్‌వి తక్కువ, తనవి పాతవి కలిసి ఎక్కువ. మొదటి హెచ్చరిక నోటీసు బోర్డు మీద పెట్టారు, తర్వాత ఆఖరి హెచ్చరిక. ఇంకొక్కటి తప్పితే పేరు కొట్టేస్తారు.

"సజ్జాద్ అబ్దుల్ అమీర్ కాజిమ్," అన్నాడు మైకు పట్టుకున్న అబ్బాయి.

సజ్జాద్ తన తాతని నడిపించుకుంటూ ఎక్కాడు. ఉమ్ సర్మద్ తలాడించడం మానేసింది. చేతులు డబ్బా మూత మీద బిగిశాయి. ముహన్నద్‌కి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. అర్థమయ్యేసరికి ఆపడానికేమీ లేదు. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది, బస్సు దిగే మనిషిలా.

"సైఫ్ అలీ జబ్బార్," అన్నాడు మైకు అబ్బాయి.

ఆవిడ మెల్లగా వెనక్కి ఆనుకుంది. "ఇక్కడ వచ్చేది," అంది. "సజ్జాద్‌కీ సైఫ్‌కీ మధ్యన. ఒకటో తరగతి నుంచీ వాడికి ముందొక సజ్జాద్, వెనకొక సైఫ్ ఉండేవారు. మనుషులు మారేవారు గాని పేర్లు అవే."

"అవును పిన్నీ."

"మీ క్లాసులో కూడానా?"

"మా క్లాసులో సజ్జాద్ లేడు. సారా ఉండేది."

"సారా," అంది ఆవిడ, ఆ పేరులో ఏదైనా ఉందేమో చూస్తున్నట్టు. "బాగుండేదా?"

"బాగానే ఉండేది. మీవాడు నాలుగేళ్లలో ఒక్కసారి మాట్లాడాడు. పెన్సిల్ అడిగాడు. తిరిగిచ్చేటప్పుడు మాట రాక పెన్సిల్ బెంచీ మీద పెట్టి పారిపోయాడు."

ఆవిడ నవ్వింది. ఇదీ తను చేసే పని. ప్రతి ఈద్‌కీ వెళ్లి, టీ పొడి, యాలకులు గట్టు మీద పెట్టి, సర్మద్ కబురొకటి చెప్పి, ఆవిడని నవ్వించి వచ్చేస్తాడు. పదిహేడేళ్లలో ముప్పై నాలుగు ఈద్‌లు. మంచి సరుకంతా ముందు పెట్టి అమ్మేశాడు. అడుగున ఉన్నది మాత్రం కదిలించలేదు. మొదట్లో ఆవిడ పరామర్శకి వచ్చినవాళ్లందరితోనూ ఒకటే అనేది. ఆ రోజు వెళ్లొద్దని చెప్పానమ్మా, గట్టిగా చెప్పాను, వినలేదు, ఏముందక్కడ అంత కొంపలు మునిగే పని? అప్పుడు గదిలో చాలామంది ఉండేవారు. ముహన్నద్ చేతిలో చేదు కాఫీ కప్పు ఉండేది. ఏముందో చెప్పగలిగినవాడు కాఫీ తాగి కప్పు దించి లేచాడు. మొదటి రోజు చెప్పని మాట రెండో రోజుకి బరువు పెరుగుతుంది. తడిసిన బస్తా లాంటిది, ఎంత ఆలస్యం చేస్తే అంత మనిషిని లాగుతుంది.

అలీలు. ఎంతమంది అలీలు. ఒక్కొక్కరూ అర నిమిషం ఇస్తున్నారు, ఒక్కొక్కరూ తీసుకుపోతున్నారు.

తను చనిపోయే ముందు రోజు సాయంత్రం సర్మద్ ఫోన్ చేశాడు. రేపొక్క క్లాసే ఉందట, ఖర్చుల లెక్కల ఉస్తాద్, దారి బాగాలేదంటున్నారు, ఏం చేద్దాం అన్నాడు. ముహన్నద్ గల్లా మూస్తున్నాడు. వద్దులేరా అనడానికి ఎంతసేపు? రెండు మాటలు. ఆ రెండు మాటలూ నోటి దాకా రాలేదని కాదు. ఇన్ని నెలలు లాక్కొచ్చి చివర్లో పేరు కొట్టేయించుకోవడం దండగ కదా అని మనసు తూకం వేసింది. ఒకవైపు తన డిగ్రీ, ఇంకోవైపు ‘దారి బాగాలేదంటున్నారు’ అనే మాట. దారి రోజూ బాగాలేదనే అంటారు. అప్పుడు అన్నాడు: నీ ఇష్టం రా. ఇంకొక్కటి తప్పితే నా పేరు పోతుంది, అంతే, నీ ఇష్టం. వ్యాపారం తెలిసిన ఎవరికైనా ‘నీ ఇష్టం’ అంటే ఏమిటో తెలుసు. కొనేవాడు సగం ఒప్పుకున్నాక, ఇక బలవంతం చేస్తే జారిపోతాడనిపించినప్పుడు, చేతులు వెనక్కి తీసుకుని అనే మాట అది. ఆ మాటతో ముహన్నద్ ఎన్ని బస్తాలు అమ్మాడో లెక్కలేదు. వెళ్లమని చెప్పి ఉంటే వాడు తిట్టేవాడు, తిట్టి మానేసేవాడు కూడా. నీ ఇష్టం అంటే వాడికి ఇంకేం మిగిలింది?

మర్నాడు ఎనిమిది దాటాక తూకం వేస్తుంటే చప్పుడు వినపడింది. ఆ రోజుల్లో చప్పుడు వినపడితే తక్కెడ ఒక్క క్షణం ఆపి, దూరమెంతో అంచనా కట్టి, మళ్లీ మొదలుపెట్టేవారు. దూరమే, నది అవతల, అన్నాడు ముహన్నద్ ఎదుటి మనిషితో. తూకం పూర్తి చేశాడు. మధ్యాహ్నం సర్మద్‌కి ఫోన్ చేశాడు, హాజరు చెప్పాడో లేదో కనుక్కుందామని. కలవలేదు. మళ్లీ చేశాడు. నాలుగోసారికి కోపమొచ్చింది. చెప్పానురా అని ఒక్క మాట చెప్పడానికి తీరిక లేదా వీడికి అనుకున్నాడు. చీకటి పడేదాకా ఆ కోపంతోనే ఉన్నాడు. వంతెన దగ్గర ఆగిన మినీబస్సు పేలిందనీ, వాడు అందులోనే ఉన్నాడనీ తెలిసేదాకా. ప్రపంచంలో తను చేసిన పనులన్నీ ఒకవైపు పెట్టి ఆ కోపం ఒక్కటీ ఇంకోవైపు పెట్టినా అదే బరువు.

తర్వాత కాలేజీకి వెళ్లలేదు. వాళ్లు పేరు కొట్టేశారు. పేర్లు కొట్టేసినవాళ్లని మళ్లీ చేర్చుకుంటారని నిరుడు ఎవరో చెప్తే, ఆ రాత్రే దరఖాస్తు రాశాడు. భార్య అంది, ముప్పై తొమ్మిదేళ్లకి నీకు పరీక్షలేంటి, ఈ ఏడు రయ్యాన్‌కి కూడా ఆరో తరగతి పరీక్షలు, తండ్రీకొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏడవండి అని. బజారులో అడిగినవాళ్లకి సర్కారు టెండర్లకి డిగ్రీ కావాలన్నాడు. ఎవరికీ చెప్పని లెక్క ఇంకొకటుంది. ఒక్క ఏడాది, ఒక్క రోజు కూడా తప్పకుండా వెళ్లి, సొంత గొంతుతో ఉన్నానని చెప్తే, ఏదో ఒకటి సమానమవుతుందని. జ్వరమొచ్చిన రోజు వెళ్లాడు. ఓడరేవు నుంచి సరుకు దిగిన రోజు తాళాలు తమ్ముడి మొహాన కొట్టి వెళ్లాడు. బాబాయ్ కాలేజీ గోడల కంటే ముందొస్తాడని పిల్లలు నవ్వేవారు. ఏడాది చివర బోర్డు మీద జాబితాలో తన పేరు ఎదురుగా గైర్హాజర్లు సున్నా. ఆ సున్నా ముందు నిలబడి చూస్తే అది సున్నాలాగే ఉంది. ఇన్ని రోజులూ పళ్లెంలో వేస్తూ వచ్చాడు గాని అవతలి పళ్లెం ఎక్కడుందో చూసుకోలేదు. అది ఆవిడ ఇంట్లో ఉంది.

"కర్రార్ హాదీ మొహ్సిన్."

కర్రార్ లేచి, గౌను ఎగరేసుకుంటూ, తల్లిని చంక కింద ఇరికించుకుని పరిగెత్తాడు. ఆవిడ ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. క్లాసంతా లేచి ఈల వేసింది. పట్టా తీసుకుని వాడు మైకు లాక్కుని ముహన్నద్ గొంతు తీశాడు: "ఉన్నా ఉస్తాద్." జనం నవ్వారు. ఉమ్ సర్మద్ నవ్వలేదు. ఆవిడ వేదిక వైపు కాకుండా ముహన్నద్ మొహంలోకి చూస్తోంది.

ఇంక ‘ల’లో ఇద్దరే ఉన్నారు. తర్వాత ‘మ’.

"పిన్నీ," అన్నాడు. "ఆ రోజు సర్మద్ తన పని మీద వెళ్లలేదు. నా హాజరు చెప్పడానికి వెళ్లాడు. ఇంకొక్కటి తప్పితే నా పేరు కొట్టేసేవాళ్లు. ముందు రోజు ఫోన్ చేసి వెళ్లనా వద్దా అని అడిగాడు. నేను నీ ఇష్టం అన్నాను. కొట్టు వదల్లేక కాదు. అమ్మకం వదల్లేక."

అంతే. గంట అక్కర్లేదు, అర నిమిషం పట్టింది. లమిస్ అనే పేరు పిలిచారు, ఎవరో వెళ్లారు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు, లేచి వెళ్లిపోతుందనుకున్నాడు, చెంప మీద కొడుతుందని కూడా అనుకున్నాడు. అందుకు చెంప సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆవిడ డబ్బా మూత ఒకసారి తీసి, మళ్లీ పెట్టింది.

"నాకు తెలుసు," అంది.

మహమ్మద్‌లు మొదలయ్యారు.

"గుమ్మం దగ్గర చెప్పాడు. ముహన్నద్ పేరు పోతుందటమ్మా, వెళ్లనా అన్నాడు. వాడు వెళ్లాలనుకోలేదు. బూట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, వేసుకోకుండా. నేను వద్దంటే మానేసేవాడు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, కూరగాయల సంగతి చెప్తున్నట్టు. "నేను వెళ్లమన్నాను."

"పిన్నీ..."

"ఉండు. వాళ్లకి బజారులో కొట్టుంది, నువ్వు చదువయ్యాక ఉద్యోగం కోసం ఎక్కడ తిరుగుతావు, రేపు నిన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టేది వాడే, వెళ్లు అన్నాను. నీ మీద ప్రేమతో కాదురా. వాడికి నీ కొట్లో చోటు దొరుకుతుందని. వచ్చినవాళ్లందరికీ వద్దన్నానని చెప్పాను. వాడి నాన్న చచ్చిపోయేదాకా ఆయనకీ అదే చెప్పాను. నువ్వు ప్రతి పండక్కీ వచ్చి కూర్చుంటే, ఇవాళ నోరు విప్పుతాడేమోనని నా గుండె కొట్టుకునేది. నువ్వు చెప్తే నేనూ చెప్పాలి కదా. వీడు చెప్పకుండా వెళ్లిపోతే బాగుండునని టీ పెట్టి ఇచ్చేదాన్ని."

ముహన్నద్ జీవితమంతా ఎదుటివాడు ఏం తూస్తున్నాడో మొహం చూసి చెప్పగలననుకున్నాడు. ముప్పై నాలుగు పండగలు ఈ మొహానికి ఎదురుగా కూర్చున్నాడు, ఆ మొహమూ తనలాగే మూత బిగించుకుని ఉందని ఒక్కసారీ తోచలేదు. తను చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఆవిడదీ వచ్చి చేరింది, అయినా ఎందుకో అది మోయలేనిదిగా లేదు. ఇద్దరు మోసే బస్తా ఒకడు మోసేదానికి సగం ఉండదు, అది హమాలీలందరికీ తెలుసు, కానీ కింద పెట్టకుండా ఇంకాస్త దూరం వెళ్లవచ్చు. మర్యం, మర్యం, ముస్తఫా. ఆవిడ వేళ్లు వచ్చి తన గౌను చెయ్యి పట్టుకున్నాయి. ఆవిడ వేదిక వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎన్నడూ చెప్పని సంగతులు. వద్దన్నానని చెప్పినప్పట్నుంచీ ఆ పొద్దుటి గురించి ఏమీ చెప్పే వీలు లేకుండా పోయింది. ఒకటి మార్చి చెప్తే అన్నీ దాచాలి. కరెంటు లేదు. కిరోసిన్ పొయ్యి మీద టీ పెట్టాను. నీలం స్వెట్టరు తడిగా ఉందని ఆరేశాను, అదే కావాలన్నాడు. నీ గొంతు తీసి చూపించాడు, చూడమ్మా ఇవాళ ఇలా చెప్తానని. నేను నవ్వాను. నవ్వి, వెళ్లమన్నాను.

"ముహన్నద్ ఫాజిల్ అబ్బాస్."

చప్పట్లు మొదలయ్యాయి. వెనక వరసల్లోంచి బాబాయ్, బాబాయ్ అని అరిచారు. ఆవిడ చెప్తూనే ఉంది. స్వెట్టరు ఒక చెయ్యి ఇంకా తడిగానే ఉంది, జబ్బు చేస్తుందిరా అంటే దారిలో ఆరుతుందన్నాడు. ముహన్నద్ కాళ్లు లేవడానికి సిద్ధపడి ఆగాయి. లేస్తే ఆ వేళ్లు విడిపోతాయి. విడిపోతే ఆవిడ మళ్లీ మూత పెట్టేస్తుంది. ఇంకో పదిహేడేళ్లు ఆవిడకి లేవు, అది మళ్లీ తెరవడానికి.

"ముహన్నద్ ఫాజిల్ అబ్బాస్," అని రెండోసారి పిలిచారు. కర్రార్ వేదిక పక్కనుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, ఏమైంది బాబాయ్ అన్నట్టు. ముహన్నద్ అరచెయ్యి కొంచెం పైకెత్తి, బజారులో బేరం వద్దన్నప్పుడు తిప్పినట్టు తిప్పాడు. కర్రార్‌కి ఏమర్థమైందో గాని చేతులు దించేశాడు. మైకు అబ్బాయి చేతిలో జాబితా కిందికి చూశాడు. తర్వాత మైస్ అనే అమ్మాయి పేరు పిలిచారు. తల్లులు కేకలు పెట్టారు, చాక్లెట్లు గాల్లోకి లేచాయి.

ఉమ్ సర్మద్ ఆగింది. "నిన్నేగా పిలిచింది?"

"కాదు," అన్నాడు ముహన్నద్. "మీరు చెప్పండి. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూశాడా?"

చూశాడని చెప్పడం తేలిక, చెప్తే నమ్మేవాడు పక్కనే ఉన్నాడు.

"లేదు," అంది. "ఎనిమిదిన్నరకల్లా అక్కడుండాలన్నాడు."